కంట్లో కండ

"కంట్లో కండ పెరిగింది" అన్న మాట మన పల్లెల్లో వినని వారుండరు. ఎండలో, దుమ్ములో పనిచేసేవారికి తెల్లగుడ్డు మీద ముక్కువైపు మాంసపు పొర ఒకటి లేచి, మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. సుశ్రుతుడు దీనిని అర్మమని పిలిచి, అయిదు విధాలుగా విభజించి, కోసి తొలగించే పద్ధతిని ఉత్తరతంత్రంలో చెప్పాడు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. చిక్కల్లా, దీనిలాగే కనిపించే క్యాన్సరు ఒకటి ఉండడం. అది అరుదైనదే, కాని కండ అని పొరబడితే కంటినీ, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్నీ బలిగొంటుంది. ఈ రెండింటినీ విడదీసి చూడడం మనిషి ఎలా నేర్చాడన్నదే ఈ కథ.

మొదటి మెట్టు వెలుతురు. 1911లో స్వీడను శాస్త్రజ్ఞుడు గుల్‌స్ట్రాండ్ సన్నని వెలుగుచీలికతో కంటిని పరీక్షించే స్లిట్ ల్యాంపును ప్రదర్శించాడు. అందులో చూస్తే మెలికలు తిరిగిన రక్తనాళాలు, తెల్లని పొలుసులు అనుమానాన్ని రేకెత్తిస్తాయి. నిశ్చయం మాత్రం ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడే. అక్కడా ఒక్కొక్క దశకు ఒక్కొక్క పేరుండి గందరగోళంగా ఉండేది. 1995లో ఆస్ట్రేలియాకు చెందిన లీ, హర్స్ట్ ఆ దశలన్నిటినీ "ఆక్యులర్ సర్ఫేస్ స్క్వామస్ నియోప్లేసియా" అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు.

అదే ఏడు ఉగాండా రాజధాని కంపాలా నుంచి ఒక పరిశోధన వెలువడింది. ఈ క్యాన్సరు వచ్చినవారిలో సుమారు ముప్పాతిక మందికి హెచ్.ఐ.వి. ఉన్నదని తేలింది, పోల్చి చూసిన ఇతర రోగులలో అది అయిదో వంతుకు మించలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తోడు మరో కారణం బయటపడిందన్నమాట. అందుకే నడివయసు రాకుండానే ఈ జబ్బు కనిపిస్తే వైద్యులు రక్తపరీక్ష చేయిస్తారు. కన్ను చెప్పిన కబురుతో ఒళ్ళంతా కాపాడుకునే అవకాశం అది.

ఇక చికిత్స. చాలాకాలం కత్తి ఒక్కటే దిక్కు. కంటికి కనబడని కణాలు అంచుల్లో మిగిలిపోయి, జబ్బు తిరగబెట్టేది. ముదిరితే కంటిగూటినంతటినీ ఖాళీ చెయ్యవలసి వచ్చేది. 1994లో జెరూసలేము వైద్యులు మైటోమైసిన్-సి అనే మందును చుక్కలుగా వేసి ఫలితం చూపించారు. 1957లో వేరే క్యాన్సర్ల కోసం పుట్టిన ఫ్లోరోయురాసిల్ కూడా కంటిచుక్కగా మారింది. 1997లో ఫిలడెల్ఫియాలోని షీల్డ్స్ దంపతులు, వారి సహచరుడు, గడ్డను పరికరంతో తాకకుండా, చుట్టూ ఆరోగ్యమైన అంచుతో సహా తీసి, మిగిలిన అంచులను అతిశీతలంతో గడ్డకట్టించే పద్ధతిని వివరించారు.

మన హైదరాబాదుకూ ఇందులో భాగముంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు పోతే చూపు మసకబారుతుంది. ఆరోగ్యమైన కంటి నుంచి చిన్న ముక్క తీసి, తునకలు చేసి నాటే సులభ పద్ధతిని 2012లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు ప్రకటించారు. కాలిన కళ్ళ కోసం పుట్టిన ఆ పద్ధతి, తరువాత క్యాన్సరు గడ్డ తీసిన కళ్ళకూ అక్కరకు వచ్చింది.

ఇన్ని సాధనాలున్నా అసలు ప్రమాదం మొదటి అడుగులోనే పొంచి ఉంది: కండే కదా అని కోసి, తీసిన ముక్కను పారవేయడం. కంట్లో కండ తీయించుకునేవారు ఎవరైనా మీకు తారసపడితే, ఆ ముక్కను పరీక్షకు పంపమని వైద్యుణ్ణి అడగమనండి. సుశ్రుతునికి లేని సూక్ష్మదర్శిని మనకుంది. దాన్ని వాడుకోకపోవడమే మన తప్పవుతుంది.