పన్ను బాకీ

సావుకారునకు బాకీపడినవాడు వీధిలో తలవంచుకొని నడచును. సర్కారునకు బాకీపడినవాడు ఇంటిలో తలుపు వేసికొని కూర్చుండును. మొదటివానికి సిగ్గు, రెండవవానికి భయము. ఈ భయము మన జనులకు ఊరక పుట్టినది కాదు. దానికి చరిత్ర కలదు. ఆ చరిత్ర నెఱుగనిచో, కారణము తొలగిన పిదపగూడ భయము మాత్రము మిగిలి మనుష్యుని పాడుచేయుచుండును.

నే నెఱిగిన యుపాధ్యాయుడొకడు కలడు. పలు సంవత్సరములుగా నిలిచియున్న జీతపు బకాయిలు ఆయనకు ఒక్కమాఱుగా చేతికందెను. అట్టి సందర్భమున, ఆ సొమ్ము ఏయే సంవత్సరములకు చెందినదో ఆయా సంవత్సరములకు పంచి లెక్కగట్టి పన్నులో తగ్గింపు పొందుటకు 1961వ సంవత్సరపు చట్టము వీలు కల్పించినది. ఆయన ఆ తగ్గింపు కోరెనుగాని, దానికై ప్రత్యేకముగా దాఖలు చేయవలసిన ఫారమును దాఖలు చేయడాయెను. కొంతకాలమునకు, ముప్పదివేల రూపాయలు చెల్లింపుమని నోటీసు వచ్చెను. ఆ నోటీసును భార్యకైనను చూపక, పాత పుస్తకముల పెట్టెలో అడుగున దాచెను. రెండేండ్లు గడచినవి. నెలకు నూటికొక రూపాయి చొప్పున వడ్డీ ఏడువేల రెండువందలాయెను. అన్వయక్లేశము గల శ్లోకములను అవలీలగా విప్పిచెప్పు పండితుడు ఒక్క కాగితమును చదువుటకు వెఱచెను. ఆయన నడుగగా, “చదివినచో నిజమగునని తోచినది” అనెను. ఆ మాటయే ఈ వ్యాసమునకు మూలము.

పన్ను అనునది మనకు క్రొత్తది కాదు. పంటలో ఆఱవపాలో, ఎనిమిదవపాలో, పండ్రెండవపాలో భూమిని బట్టి రాజు గొనవచ్చునని మనువు విధించెను. పశువులయందును బంగారమునందును ఏబదవ భాగము. వృత్తిపనివారివలన నెలకొక దినము పని చేయించుకొనవచ్చుననియు చెప్పెను. ఈ విధులన్నియు ఆచరణలో నుండినవని నే ననను. కాని, పన్ను ఆదాయమునకు తగియుండవలెననియు, ధనమీయలేనివానికి వేఱొక దారి యుండవలెననియు మన పూర్వులు తలచిరనుట స్పష్టము.

కుంఫిణీవారి కాలమున చెన్నపురి రాజధానిలో ఈ తలంపు అడుగంటెను. శిస్తు బాకీపడిన రైతును కలెక్టరు కచేరీ చిల్లర యుద్యోగులు ఎండలో వంగదీసి నిలిపి వీపున రాయి పెట్టుటయు, వ్రేళ్లను ‘కిట్టి’ యను కొయ్యపనిముట్టున నిఱికించి నొక్కుటయు జరుగుచుండెను. 1852లో చెన్నపట్టణమున దేశీయ సంఘమును స్థాపించిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టి ఈ దుండగములను బయలుపెట్టుటకు నడుము కట్టెను. 1853లో డాన్బీ సేమర్ అను పార్లమెంటు సభ్యుడు ఈ దేశమునకు వచ్చి రైతుల మొఱ నాలకించెను. మఱుసటియేడు పార్లమెంటులో చర్చ జరిగెను. విచారణ సంఘ మేర్పడెను. 1855లో వెలువడిన ఆ సంఘపు నివేదిక, శిస్తు వసూలుకొఱకు చిత్రహింస జరుగుచున్న మాట నిజమేయని ఒప్పుకొనెను. దొరల నేరము లేదని, నేరమంతయు దేశీయ సిబ్బందిదే యని తేల్చుట దాని లోపము. అయినను, శిస్తు వసూలును పోలీసు అధికారమును ఒక్కచేత నుంచుటవలని కీడు ఆ నివేదికవలన లోకమునకు తెలిసినది. 1859లో చెన్నపురికి ప్రత్యేక పోలీసు చట్టము వచ్చెను.

ఇది భూమిశిస్తు మాట. ఆదాయపు పన్ను దీనివెంటనే వచ్చినది. 1857నాటి తిరుగుబాటు నణచుటకై చేసిన వ్యయము సర్కారు బొక్కసమును ఖాళీచేసెను. లోటు పూడ్చుటకు జేమ్సు విల్సన్‌ను లండనునుండి పంపిరి. ఈయన ‘ఎకానమిస్టు’ పత్రికాస్థాపకుడు. 1860 ఫిబ్రవరి 18వ తేదీన కలకత్తాలో ఆయన తన ఆయవ్యయపట్టికను చదివి, ఆదాయపు పన్నును ప్రతిపాదించెను. ఏటికి 200 రూపాయలకు లోబడిన ఆదాయమునకు పన్ను లేదు. 200 మొదలు 500 వఱకు నూటికి రెండు. ఆపైన నూటికి నాలుగు. రైతు శిస్తు చెల్లించుచుండగా, సర్కారు రక్షణమున లాభము గడించు వర్తకుడును ఉద్యోగియు ఏమియు నీయకుండుట న్యాయము కాదని ఆయన వాదము. ఈ వాదమున సత్యము లేకపోలేదు.

దీనిని ఎదిరించినవాడు చెన్నపురి గవర్నరే యగుట విశేషము. సర్ చార్లెస్ ట్రెవెల్యన్ తన యభ్యంతరములను వ్రాసి కలకత్తాకు పంపుటతో తృప్తిపడక, వానిని పత్రికలలో ప్రకటింపించెను. కొత్త పన్ను వేయుటకంటె సైనికవ్యయమును తగ్గించుట మేలనియు, ఇంటింటి ఆదాయమును ఆరాతీయు పన్ను ఈ దేశమునకు తగదనియు, దానివలన ప్రజలలో కలవరము పుట్టుననియు ఆయన భావము. పై సర్కారును బహిరంగముగా ధిక్కరించినందున ఆయనను వెనుకకు పిలిపించిరి. విల్సన్ తాను తెచ్చిన పన్ను వసూలును కన్నులార చూడలేదు. చట్టమైన కొద్దిదినములకే, 1860 ఆగస్టు 11వ తేదీన, అతిసారముచే మరణించెను. 1863లో ఆ ట్రెవెల్యనే ఆర్థికసభ్యుడై మరల వచ్చెను. 1865లో పన్ను గడువు తీరినప్పుడు దానిని పొడిగింపక పోనిచ్చెను.

పోయిన పన్ను మరల వచ్చెను. 1867లో వృత్తులపై లైసెన్సు పన్ను, 1869లో మరల ఆదాయపు పన్ను, 1873లో రద్దు. ధాత కఱవు దక్షిణాపథమును దహించిన తరువాత, 1878లో కఱవునిధి పేరిట మరల లైసెన్సు పన్ను వచ్చెను. అది చిల్లర వర్తకుని పట్టుకొని, పెద్ద జీతగానిని వకీలును వదలివేసెను. ఇది యన్యాయమని నలుదెసల కేకలు పుట్టెను. తుదకు 1886వ సంవత్సరపు చట్టముతో ఆదాయపు పన్ను ఈ దేశమున స్థిరపడెను. సేద్యపు ఆదాయమును ఆ చట్టము మినహాయించెను. ఆ మినహాయింపు కేంద్రపు పన్ను విషయమున నేటికిని నిలిచియున్నది.

ఇచట చదువరులు ఒక చిన్న లెక్క చేయవలెనని ప్రార్థన. 1886 చట్టము ప్రకారము ఏటికి 500 రూపాయలకు తక్కువైన జీతమునకు పన్ను లేదు. 500 మొదలు 2000 లోపు జీతమునకు రూపాయికి 4 పైలు. 2000 మొదలు 5 పైలు. అణాకు 12 పైలు, రూపాయికి 192 పైలు. నెలకు 40 రూపాయల జీతగానికి ఏటికి 480, పన్ను లేదు. నెలకు 42 రూపాయలు వచ్చువానికి ఏటికి 504. ఇతడు 500 దాటిన నాలుగు రూపాయలకుగాక, మొత్తము 504 రూపాయలకును పన్ను ఈయవలెను. అది 10 రూపాయల 8 అణాలు. మిగులునది 493 రూపాయల 8 అణాలు. ఏటికి 499 రూపాయలు వచ్చువానికంటె 504 వచ్చువాడు బీదవాడగును! జీతము పెరుగుట నష్టమని నాటి గుమాస్తా భయపడినచో అది అజ్ఞానము కాదు, సరియైన గణితము.

ఈ మెట్ల పద్ధతిని 1939లో మార్చిరి. ఆనాటినుండి ఆదాయమును అరలుగా విభజించి, ఏ యరలోని సొమ్మునకు ఆ యర రేటునే వేయుట యేర్పడెను. పై యరలోని హెచ్చు రేటు క్రింది యరలోని సొమ్మును తాకదు. ఈ మార్పు జరిగి ఎనుబదియేండ్లు దాటినను, “జీతము పెరిగి పై శ్లాబులో పడితిని, ఇక మొత్తమునకు ఆ రేటే” అని వగచువారిని నేటికిని చూచుచున్నాము. తాతలకు నిజమైన భయము మనుమలకు భ్రమగా సంక్రమించినది.

“ఏ యేటి యాదాయమునకు ఏ యేట పన్ను?” అనునది మఱియొక చిక్కు ప్రశ్న. 1922వ సంవత్సరపు చట్టము గడచిన సంవత్సరపు ఆదాయమును తరువాతి సంవత్సరమున మదింపు చేయు పద్ధతిని నెలకొల్పెను. అందుచే ఒకే పన్నునకు రెండు సంవత్సరముల పేరులు పుట్టి, చదువుకొన్నవారినిగూడ తికమకపెట్టుచు వచ్చినవి. 2025లో చేసిన కొత్త చట్టము, 2026 ఏప్రిల్ 1వ తేదీ మొదలుగా, ఈ రెండింటికి బదులు ‘పన్ను సంవత్సరము’ అను ఒక్కపేరు నుంచినది. శతాబ్దపు చిక్కు ఒక్క పదముతో విడినది.

ఇక బాకీ మాట. చిత్రహింసల విచారణ ముగిసిన తొమ్మిదేండ్లకు, 1864లో, చెన్నపురి సర్కారు శిస్తు వసూలు చట్టము చేసెను. బాకీదారుని ఆస్తి నమ్మినను బాకీ తీరనపుడు, అతడు బుద్ధిపూర్వకముగా చెల్లింపకున్నాడనియో మోసము చేసెననియో కలెక్టరునకు నమ్మకము కలిగినచో, అతనిని చెఱపెట్టవచ్చును. బాకీ 50 రూపాయలు మించనిచో మూడు నెలలు. 500 మించనిచో ఆఱు నెలలు. ఎంత బాకీయైనను రెండేండ్లకు మించరాదు. చెఱ అనుభవించినను బాకీ తీరదు. ఈ చట్టమున కాఠిన్య మున్నది; కాని కిట్టికిని దీనికిని నడుమ ఒక గొప్ప యంతరము గలదు. ఇందు హద్దు వ్రాయబడియున్నది. చెల్లింపలేనివాడు వేఱు, చెల్లింపనివాడు వేఱు అను వివేకము ఇందు అక్షరరూపము దాల్చినది.

1922 చట్టము ఆదాయపు పన్ను బాకీని భూమిశిస్తు బాకీవలె వసూలు చేయుటకు కలెక్టరున కధికార మిచ్చెను. ఆవిధముగా రైతుకొఱకు చేసిన సంకెల వర్తకునికిని తగిలెను. మలబారులో ఆదాయపు పన్ను బాకీపడిన యొకనిని ఈ 1864 చట్టముక్రిందనే చెఱపెట్టగా, వ్యాజ్యము సుప్రీంకోర్టువఱకు పోయెను. 1957లో ఆ న్యాయస్థానము, ఇది నేరమునకు శిక్ష కాదు, బాకీ వసూలునకు మార్గములలో నొకటి యని చెప్పి చట్టమును నిలిపెను. 1980లో ఒక బ్యాంకు అప్పు వ్యాజ్యమున అదే న్యాయస్థానము, దుర్బుద్ధి లేక కేవలము పేదరికముచే తీర్పలేనివానిని చెఱపెట్టుట రాజ్యాంగపు 21వ అధికరణమునకు విరుద్ధమనెను. ఈ రెండు తీర్పులును పరస్పర విరుద్ధములు కావు. దాచినవానికి చెఱ, లేనివానికి గడువు అనునదే రెంటి సారము.

1961 చట్టపు రెండవ అనుబంధము ఈ వివేకమును ఇంకను ముందునకు నడపినది. చెఱపెట్టుటకుముందు సంజాయిషీ యడుగవలెను. స్త్రీలను, పిల్లలను, మతి చెడినవారిని పన్ను బాకీకై నిర్బంధింపరాదు. సివిలు స్మృతి జప్తునుండి మినహాయించిన వస్తువులు పన్ను బాకీకిని జప్తు కావు: కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారముచే స్త్రీ విడువరాని నగలు, వృత్తిపనివాని పనిముట్లు, రైతుయొక్క ఎడ్లు, నాగలి, విత్తనపు గింజలు. ఈ పట్టికను నేను చదివినప్పుడు, 1855నాటి నివేదికలోని మొఱలకు ఆలస్యముగా వచ్చిన ప్రత్యుత్తరమువలె తోచినది.

అయితే చట్టము ఇచ్చిన రక్షణ అడిగినవానికేగాని దాగినవానికి దక్కదు. 1961 చట్టము ప్రకారము డిమాండు నోటీసు అందిన ముప్పది దినములలో సొమ్ము చెల్లింపవలెను. చెల్లింపలేనివాడు ఆ గడువులోపలనే అధికారికి వ్రాసి వ్యవధిగాని వాయిదాలుగాని కోరవచ్చును. మదింపు తప్పని తోచినచో ముప్పది దినములలో అప్పీలు చేయవచ్చును. లెక్కలో కంటికి కనబడు పొరపాటున్నచో సవరణ కోరవచ్చును. క్రొత్త చట్టమున ప్రకరణముల సంఖ్యలు మారినవి. కావున గడువులను నోటీసులోనే సరిచూచుకొనుట మేలు. కాని మొదటి మెట్టు ఏ చట్టమునందైనను ఒక్కటే: కాగితము చదువుట. అది నిజముగా శాఖనుండి వచ్చినదేనా యని విచారించుట రెండవది. ఏలయనగా మన భయమును మూలధనముగా జేసికొని దొంగనోటీసులు పంపు మోసగాండ్రును నేడు బయలుదేరినారు.

సర్కారువారికిని ఒక మాట. నోటీసులు పామరునకు బోధపడు భాషలో నుండవలెను. తెలుగువానికి తెలుగున వ్రాయుట దయ కాదు, ధర్మము. అర్థముకాని యాజ్ఞ భయమును పెంచును; భయము దాపఱికమును పెంచును; దాపఱికము బాకీని పెంచును. వసూలు కోరు సర్కారునకు ఇది నష్టమేకాని లాభము కాదు.

నే చెప్పిన యుపాధ్యాయుడు తుదకు పెట్టె తెఱచెను. నోటీసును భార్య యెదుట చదివి, శాఖకు జాబు వ్రాసి, వాయిదాలు కోరి తీర్చుచున్నాడు. సకాలమున ఆ ఫారము దాఖలు చేసి సవరణ కోరియుండినచో బాకీ చాలవఱకు తగ్గియుండెడిది. వడ్డీగా పోయిన ఏడువేల రెండువందలను ఆయన తన భయమునకు చెల్లించిన పన్ను అనును. ఆ పన్నును ఏ చట్టమును విధింపలేదు. ఏ చట్టమును రద్దుచేయజాలదు. దానిని రద్దుచేయవలసినవారము మనమే.