అటకెక్కిన ఇండీ గేమ్‌లు

కొని, ఒక్కసారైనా తెరవకుండా వదిలేసిన గేమ్‌లు కంప్యూటర్ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్ ఖాతాల్లో కోట్ల సంఖ్యలో పేరుకుపోయాయి. 2014లో టెక్నాలజీ వార్తల వెబ్‌సైట్ ఆర్స్ టెక్నికా వేసిన అంచనా ప్రకారం, అప్పటికి ఖాతాల్లో చేరిన సుమారు 78 కోట్ల కాపీల్లో 37 శాతం ఎవరూ ముట్టుకోనివే. పెద్ద సంస్థల అండ లేకుండా ఒకరో ఇద్దరో, మహా అయితే పదిమందో కలిసి తయారుచేసే ఇండీ గేమ్‌లు ఆ గుట్టలో ఇట్టే అడుగున పడిపోతాయి. వాటిలో ఆణిముత్యాలున్నాయి.

సొంతంగా గేమ్ రాసి అమ్ముకోవడం పాత అలవాటే. 1979లో టెక్సస్ యువకుడు రిచర్డ్ గారియట్ తన 'అకలాబెత్' ఫ్లాపీలను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, తాను పనిచేసే కంప్యూటర్ దుకాణంలోనే అమ్మకానికి ఉంచారు. 1990లలో షేర్‌వేర్ ఊపందుకుంది: మొదటి భాగం ఉచితం, నచ్చితే మిగతాది కొనుక్కోవాలి. 2003 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ స్టీమ్‌ను ప్రారంభించింది. రెండేళ్లకు మార్క్ హీలీ తీరిక వేళల్లో చేసిన 'రాగ్ డాల్ కుంగ్ ఫూ' అందులో చేరింది. వాల్వ్‌ది కాని గేమ్ అక్కడ అమ్మకానికి రావడం అదే మొదలు.

అసలు మలుపు 2010 మే నెలలో వచ్చింది. వుల్ఫైర్ గేమ్స్ అనే చిన్న బృందం 'వరల్డ్ ఆఫ్ గూ', 'అక్వేరియా', 'గిష్', 'లుగారు', 'పెనంబ్రా: ఓవర్చర్' అనే అయిదింటిని ఒకే మూటగా కట్టి 'హంబుల్ ఇండీ బండిల్' పేరుతో అమ్మింది. కొనేవారు ఎంతిస్తే అంతే ధర. ఒక్క సెంటు ఇచ్చినా అయిదూ సొంతం. ఆ డబ్బులో తయారీదారులకు ఎంత, డిజిటల్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు ఎంత, ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటవస్తువులు అందించే చైల్డ్స్ ప్లేకు ఎంత అన్నది కూడా కొనేవారి ఇష్టమే. ఉచితానికి దగ్గరగా ఇస్తే ఎవరు డబ్బు కడతారన్న అనుమానం రెండు వారాలైనా నిలవలేదు. లక్షా 38 వేల మందికి పైగా కొన్నారు, వసూళ్లు 12 లక్షల డాలర్లు దాటాయి. తమ కోసం గేమ్‌లు చేసేవారే అరుదైన లినక్స్ వాడుకరులు విండోస్ వారికంటే సగటున ఎక్కువ చెల్లించారు. మొత్తం 10 లక్షలు దాటగానే నాలుగు గేమ్‌ల తయారీదారులు తమ సోర్స్ కోడ్‌ను అందరికీ తెరుస్తామని ప్రకటించి, మాట నిలబెట్టుకున్నారు.

ఆ మూటలో మకుటం 'వరల్డ్ ఆఫ్ గూ'. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లో ఉద్యోగం వదిలేసిన కైల్ గాబ్లర్, రాన్ కార్మెల్ 2008లో దాన్ని విడుదల చేశారు. కళ్లున్న జిగురు ఉండలను ఒకదానికొకటి అతికించి వంతెనో గోపురమో కట్టి, మిగిలిన ఉండలను గొట్టం దాకా చేర్చాలి. కట్టడం ఊగుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, చూస్తుండగానే కూలుతుంది. మిగుల్చుకున్న ఉండలతో వేరే చోట ఓ గోపురం కట్టుకోవచ్చు. ప్రపంచంలో ఇతరులు కట్టిన గోపురాల ఎత్తులు ఆ ఆకాశంలో మేఘాలై తేలుతుంటాయి. ఒంటరిగా ఆడేవారికి ఇంత మర్యాదగా తోడు దొరికే గేమ్‌లు అరుదు. 'గిష్' కూడా తక్కువదేమీ కాదు. తారు ముద్దను అంటించి, జార్చి, బరువెక్కించి నడిపించే ఆ ఆటలో, తర్వాత 'సూపర్ మీట్ బాయ్'తో పేరొందిన ఎడ్మండ్ మెక్‌మిలన్ చెయ్యి ఉంది.

బండిళ్లు వరసకట్టాయి. ఒక్క గేమ్ కోసం మూట కొన్నవారికి మిగతావి ఊరికే గేమ్ లైబ్రరీలో చేరాయి. వేసవి సేల్‌లు తోడయ్యాయి. 2015లో స్టీమ్‌లో రూపాయల్లో ధరలు వచ్చాక హైదరాబాద్, విశాఖ కుర్రకారుకీ కొనడం తేలికైంది. 2017లో స్టీమ్ డైరెక్ట్ వచ్చి, గేముకు 100 డాలర్లు కడితే చాలు ఎవరైనా అమ్ముకోవచ్చన్నారు. 2024లో ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా గేమ్‌లు వచ్చి పడ్డాయి. ఏది మంచిదో వెతికి చూసే ఓపిక ఎవరికుంటుంది?

అయినా పాతవాటికి మళ్లీ మంచి రోజులు వస్తున్నాయి. 2018లో విడుదలై పెద్దగా ఎవరి కంటా పడని 'అమాంగ్ అస్' 2020 లాక్‌డౌన్‌లో, తాము ఆడేది ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా చూపే స్ట్రీమర్ల చేతుల్లో పడి ఇంటింటి ఆటైంది. తయారుచేసిన ఇన్నర్‌స్లాత్ బృందం అప్పటికే ప్రకటించిన రెండో భాగాన్ని పక్కన పెట్టి, పాత గేమ్‌నే మెరుగుపరిచింది.

మరోవైపు, కొన్నది పూర్తిగా సొంతమన్న నమ్మకమూ సడలింది. 2024 అక్టోబరు నుంచి స్టీమ్ చెల్లింపు పేజీలోనే, కొంటున్నది లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి మాత్రమేనని చెబుతోంది. కాబట్టి లైబ్రరీలో 'వరల్డ్ ఆఫ్ గూ' ఉంటే ఈ ఆదివారమే ఇన్‌స్టాల్ చేయండి. మొదటి అధ్యాయానికి ఒక్క సాయంత్రం చాలు.