తెలంగమేళము - గీతగోవిందము

శ్రీకాకుళమండలమునందలి టెక్కలి, శ్రీకూర్మమునుండి పురుషోత్తమక్షేత్రమునకుఁ బోవు తీరమార్గమున నున్నది. దానికిఁ బడమట వంశధారాతీరమునఁ బూర్వగాంగుల రాజధానియగు కళింగనగరము కలదు. అదియే నేఁటి ముఖలింగమని నిరూపించినవారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1936లో ఒరిస్సారాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి యావలికిని, టెక్కలి యీవలికిని జేరినవి. ఆ యెల్లకు రెండు ప్రక్కలను నాట్యవిద్యనుగూర్చి యొక ప్రశ్న తఱచు వినవచ్చును: ఆంధ్రు లోఢ్రుల కిచ్చిరా, ఓఢ్రు లాంధ్రుల కిచ్చిరా? ఈ ప్రశ్నకంటె ముందు విచారింపఁదగిన దొకటి కలదని యొక శాసనము తెలుపుచున్నది.

పురీజగన్నాథమందిరమున జయవిజయద్వారముకడ గజపతి ప్రతాపరుద్రుఁడు 1499వ సంవత్సరమున నోఢ్రభాషలో నొక శాసనము వ్రాయించెను. దాని తాత్పర్య మిది: సంధ్యాధూపము మొదలు శయనవేళవఱకు స్వామిసన్నిధిని నృత్యము జరుగవలెను. బడఠాకురమేళము, కపిలేశ్వరఠాకురుని నర్తకీజనము, పురాతనమేళము, తెలంగమేళము - ఈ నాలుగును గీతగోవిందమును దప్ప నన్యగీతమును నేర్వరాదు, పాడరాదు. నలుగురు వైష్ణవగాయకులును దానినే పాడవలెను; ఎఱుఁగనివారు వారివలన విని నేర్చుకొనవలెను. తెలిసియుండి యన్యగీతముల ననుమతించిన యధికారి జగన్నాథద్రోహి యగును.

తెలంగమేళ మనఁగాఁ దెలుఁగుదేశపు మేళమని స్పష్టము. కపిలేంద్రగజపతికాలమున (1434-1467) రాజమహేంద్రవరము, కొండవీడు నోఢ్రసామ్రాజ్యమునఁ జేరెను. ఆ సంబంధముననే తెలుఁగునర్తకులు పురికిఁ బోయియుందురని యూహింపవచ్చును. ఇది యూహయే. వారచ్చట నుండిరనియు, పురాతనమేళమునకు వేఱుగా లెక్కింపఁబడిరనియు మాత్రము శాసనసిద్ధము.

ఈ శాసనమున గమనింపఁదగినది క్రియాపదము. పాడుటయేకాక నేర్చుటయుఁ బ్రభ్వాజ్ఞకు విషయమయ్యెను. సేవకు నిర్ణీతసమయ మెట్లో, శిక్షకు నిర్ణీతగ్రంథ మట్లు. మఱియు నా గ్రంథము పండ్రెండవశతాబ్దిని జయదేవకవి రచించిన సంస్కృతకావ్యము. పండ్రెండు సర్గలు, ఇరువదినాలుగు అష్టపదులు గలది. అది తెలుఁగువారికి నోఢ్రులకుఁ గూడ మాతృభాష కాదు. కావున నొకరి పాట నొకరిపై మోపుట గాక, యిరువురును మూఁడవభాషయెదుట శిష్యులై కూర్చుండుట సంభవించెను. గీతము ఒక్కటి, అడుగులు నాలుగు మేళములవి. ప్రతిసంధ్యను నొకే పదమున కభినయించువారు ఒకరి హస్తమును, ఒకరి చూపును మఱియొకరు గ్రహింపకుండుట యరిది. అయిన నిందొక నష్టమును గలదు. తెలుఁగుమేళము తనవెంటఁ దెచ్చుకొన్న పాటలు, అవి యెట్టివైనను, ఆ సన్నిధిని మూఁగవోయినవి. రాజాజ్ఞ యొక విద్యను నిలుపుటకై మఱియొకదాని నడఁచుట చరిత్రలో నిదియే మొదలు గాదు.

నాట్యాధ్యయనమును సాధనగా నెంచుట మధ్యకాలపు వైష్ణవుల కల్పన మని కొందఱనవచ్చును. వైయాకరణుల కీ శంక తగదు. పాణిని చతుర్థాధ్యాయ తృతీయపాదమున, పారాశర్యుఁడు ప్రవచించిన భిక్షుసూత్రములను, శిలాలి ప్రవచించిన నటసూత్రములను ఒక్క సూత్రముననే పట్టి, వానిని జదువువారికిఁ బేళ్లు సాధించెను. సన్న్యాసికిఁ బారాశరి యను పేరు, నటునకు శైలాలి యను పేరు ఒక్క ప్రత్యయముచేతనే కలుగుచున్నవి. భిక్షువును నటుఁడును సమానులని పాణిని చెప్పలేదు. ఇరువురి గౌరవమును అధ్యయనమునుబట్టియే కలుగునని మాత్రము ప్రక్రియ తెలుపుచున్నది.

ఇఁక నొక యాక్షేపము. ఆజ్ఞచేత నేర్చిన నృత్యమున భక్తి యెట్లు పుట్టును? దీనికి రెండు దృష్టాంతములు. భువనేశ్వరమున 1278లో అనంతవాసుదేవాలయమును గట్టించిన చంద్రికాదేవి గాంగరాజగు మూఁడవ యనంగభీముని పుత్త్రిక. ఆమె గీతనృత్యములందు నేర్పరియని యా యాలయశాసనమే ప్రశంసించినది. రాజపుత్త్రి కాజ్ఞాపించువాఁ డెవ్వఁడు? విద్యయు విష్ణుభక్తియు నొకచోటనే యున్నవనుట కామె సాక్షి. రెండవది రామానందరాయలవృత్తాంతము. ఆయన ప్రతాపరుద్రునిపక్షమున రాజమహేంద్రవరము నేలినవాఁడు. గోదావరీతీరమునఁ జైతన్యులఁ గలిసికొని, పిదపఁ బదవి విడిచి పురిఁ జేరెను. తాను రచించిన జగన్నాథవల్లభనాటకమున కిరువురు దేవదాసీలకు గీతార్థమును, స్థాయిసాత్త్వికసంచారిభావములను ముఖనేత్రములఁ జూపు రీతిని దానే యుపదేశించెనని చైతన్యచరితామృతము చెప్పుచున్నది. అది విని ప్రద్యుమ్నమిశ్రుఁ డను బ్రాహ్మణుఁడు సందేహపడెను. చైతన్యులు రామానందుని మనోనైర్మల్యమును గొనియాడి, మిశ్రుని మరల నాయనకడకే కృష్ణకథ వినుటకుఁ బంపిరి. సందేహించినవాఁడు విద్వాంసుఁడు, నేర్చినవారు దేవదాసీలు. మన సందేహములకును నిదియే సమాధానము.

అయినను విచారకరమైన విషయ మొకటి మిగిలియున్నది. రాజు పేరున్నది, కవి పేరున్నది, గురువు పేరున్నది. నేర్చిన యా స్త్రీల పేళ్లు లేవు. మన శాసనములందు దేవాలయనర్తకులకు సాని యను వ్యవహారము కలదు. అది స్వామినీశబ్దభవము, దొరసాని మున్నగు పదములందు నేఁటికిని గౌరవార్థమే నిలిచినది. ఒంటిగా వాడినపుడు మాత్రము నిందార్థము పొందినది. శబ్ద మపకర్షము నొందుట భాషలోఁ గలుగు మార్పు. ఆ యపకర్షమునకుఁ గారణము భాష కాదు, భూములు పోయి, పోషణ తప్పి, విద్యావతులు నిరాశ్రయలగుట. మదరాసు ప్రభుత్వము 1947లో దేవదాసీసమర్పణమును నిషేధించెను. బాలికల నట్లు సమర్పించుట యాఁగుట న్యాయమే. కాని యా స్త్రీల విద్యకుఁ దగిన గౌరవము వెంటనే దొరకలేదు. పురిలో స్వామియెదుట నర్తించిన కడపటి మాహారిగాఁ బ్రసిద్ధిచెందిన శశిమణీదేవి 2015లో మరణించెను.

నేఁడు కూచిపూడి, ఒడిస్సీ, భరతనాట్యము నభ్యసించువారు దేశవిదేశములఁ గూడ నష్టపదులు నేర్చుచున్నారు. వారిలో ననేకులకు సంస్కృతము గాని, తెలుఁగు గాని, ఓఢ్రము గాని యింటిభాష కాదు. తెలంగమేళమునకు 1499లోఁ గలిగిన స్థితియే వారిది: పరభాషాగీతమును విని, యర్థ మెఱిఁగి, దేహముచేతఁ బలుకుట. కావున నాట్యము నెవ్వ రెవ్వరి కిచ్చిరను ప్రశ్నకంటె, ఎవ్వ రెవ్వరియొద్దఁ గూర్చుండి నేర్చిరను ప్రశ్న మేలు. మొదటిదానికి రాజుల యెల్లలు హద్దు. రెండవదానికి హద్దు లేదు. ముఖలింగ శ్రీకూర్మ శాసనములలోని నర్తకీజనవాచకముల నన్నిటిని వరుసగా నేఱి, యందుఁ గనవచ్చిన పేళ్లను బ్రకటించినచో, ఈ విద్యకుఁ గారణభూతలైనవారి ఋణము కొంత తీఱును. ఈ పని టెక్కలి, పలాస, ఉద్దానము ప్రాంతముల పండితులకుఁ జేరువలోనే యున్నది.