పాటను నమ్ముకున్న కాపరి: రెవరెండ్ పురుషోత్తమ చౌదరి గారు (1803–1890)



ఈ సంచికలో మనం మన తెగలో పుట్టని ఒక పెద్దాయన్ని తలుచుకుంటున్నాం. ఆయనే రెవరెండ్ పురుషోత్తమ చౌదరి గారు. మన రెండు జిల్లాల్లో చర్చికి వెళ్లే కుటుంబాలు ఆయన కీర్తనలను తరతరాలుగా పాడుతున్నాయి. పాడేవాళ్లలో చాలామందికి మాత్రం ఆ పాట రాసింది మన పొరుగూరి మనిషని తెలియదు. చర్చికి వెళ్లని ఇళ్లలో ఆయన పేరే వినపడదు. మతం ఏదైనా, మన నేల మీద బతికి మాటను, పాటను వదిలి వెళ్లిన మనిషి చరిత్ర మనందరికీ తెలియాలి.

చౌదరి గారు 1803లో పర్లాకిమిడి జమీందారీలోని మదనాపురంలో పుట్టారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, ఒడిశా రాష్ట్రమూ లేదు. ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం వైపు గ్రామాలు ఇటు ఉండిపోయాయి. గీత గీసినా సంతలు, చుట్టరికాలు ఆగలేదని మన పెద్దలను అడిగితే చెబుతారు. అందుకే పర్లాకిమిడి మనిషిని మనవాడని చెప్పుకుంటున్నాం.

ఆయనది బెంగాలు మూలాలున్న బ్రాహ్మణ కుటుంబం. తెలుగు ఆయనకు పుట్టుకతో వచ్చిన భాష కాదు. చుట్టూ ఉన్నవాళ్ల భాష కనుక నేర్చుకున్నారు. ఏదో అవసరానికి సరిపడా నేర్చి వదిలేయలేదు, పద్యం చెప్పగలిగేంతగా, కీర్తన కట్టగలిగేంతగా నేర్చుకున్నారు. మన పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, బడిలో మరో భాషతో పెరగడం మనకు కొత్త కాదు. హాస్టల్లో చేరిన కొత్తలో చాలామంది పిల్లలు దాన్ని తక్కువతనంగా భావిస్తారు. రెండు మూడు భాషల మధ్య పెరగడం బలమని చెప్పడానికి చౌదరి గారి జీవితం చాలు.

మన తీరంలో క్రైస్తవ బోధ అప్పటికే మొదలైంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు చనిపోయారు. పని మాత్రం ఆగలేదు. వారి తరువాత వచ్చిన ప్రిచెట్ అనువదించిన తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది. అంటే చౌదరి గారి యవ్వనం నాటికి తెలుగులో క్రైస్తవ పుస్తకాలు ఉన్నాయి. వాటిని చదవగలిగినవాళ్లే బహు కొద్దిమంది.

చౌదరి గారు 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. రైలు లేని రోజులు. ఆ కాలంలో బ్రాహ్మణుడు మతం మారాడంటే కులం వెలివేసేది, అయినవాళ్లు గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. ఆ తరువాత ఆయన మరో యాభై ఏడేళ్లు బతికారు. శ్రీకాకుళం, విశాఖపట్నం, బరంపురం ప్రాంతాల్లో సువార్తికుడిగా, సంఘ కాపరిగా తిరిగారు. కులాచారాలను ప్రశ్నిస్తూ రచన చేశారు. పద్యాలు రాశారు, వందకు పైగా కీర్తనలు కట్టారు. 1890లో కన్నుమూశారు.

ఆయన సేవలో మనం నేర్చుకోవలసిన ముఖ్యమైన సంగతి ఆ కీర్తనల్లోనే ఉంది. మిషనరీలు తమతో తమ దేశపు బాణీలు తెచ్చుకున్నారు. ఆ బాణీల్లో తెలుగు మాటలు ఇరికిస్తే పాడేవాడి నాలుక తిరగదు, వినేవాడి మనసుకు ఎక్కదు. చౌదరి గారు ఈ నేల మీద జనం చెవికి అలవాటైన రాగాలు, తాళాలు తీసుకున్నారు. పల్లవి, చరణాలతో కీర్తన కట్టారు. తమిళనాట తంజావూరు వేదనాయగం శాస్త్రి గారు (1774–1864) కూడా దాదాపు ఆ కాలంలోనే ఇదే దారిలో నడిచారు. ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి.

దీనివల్ల జరిగిన మేలు ఏమిటి? చదువు రాని వాడికి పాటే పుస్తకం అయింది. అక్షరం ముక్క రాని అవ్వ కూడా పది కీర్తనలు కంఠతా పాడగలిగింది. కాగితం చెదలు తింటుంది, వానకు తడుస్తుంది. నోట నిలిచిన పాట ఆమె నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి చేరుతుంది. ఆయన రాసిన పుస్తకాలను ఈరోజు చదివేవాళ్లు తక్కువ, ఆయన పాటలు పాడేవాళ్లు లెక్కలేనంతమంది.

ఈ కథకు మరో వైపు కూడా ఉంది. అది కూడా చెప్పుకుంటేనే చరిత్ర అవుతుంది. ఈ కీర్తనలు తెలుగువి, అందులోనూ సంస్కృత పదాలు నిండినవి. అవి మన కొండ ఊళ్లకు చేరినప్పుడు మనవాళ్లు ప్రేమగా నేర్చుకున్నారు. అయితే కొత్త పాట నేర్చుకున్న కొన్ని ఇళ్లలో పాత పాట మూగబోయింది. కందికొత్తలకు పాడే పాట, పెళ్లిలో పాడే పాట, చనిపోయినవారిని తలుచుకునే పాట, అన్నీ 'అవతలి మతానివి' అనే ముద్ర పడి వెనక్కి పోయాయి. చర్చి లేని ఊళ్లలోనూ పాత పాటలు తగ్గిపోయాయి. అక్కడ సినిమా పాట, డీజే బాక్సులు ఆ పని చేశాయి. కాబట్టి ఒకరినొకరు వేలెత్తి చూపుకోవడం వల్ల లాభం లేదు.

చౌదరి గారు పోయే నాటికి అదే పర్లాకిమిడిలో ఒక యువ ఉపాధ్యాయుడు పనిచేస్తున్నారు. ఆయనే గిడుగు రామమూర్తి గారు (1863–1940). ఆయన సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు. మన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించాలని బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1936లో మన సవర పెద్ద మంగై గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ వంటి గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు కూడా వచ్చాయి. అంటే అక్షరాలు ఉన్నాయి, వాచకాలూ వచ్చాయి. నోళ్లలో భాషే పలచబడుతోంది. జాతాపుల్లో కువి మాట్లాడేవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమంది. సెలవుల నుంచి తిరిగి వచ్చిన పిల్లలను "మీ అవ్వ పాట ఒకటి పాడండమ్మా" అని మేము అడిగితే, గదిలో ఇద్దరో ముగ్గురో లేస్తారు. మిగతావాళ్లు తల దించుకుంటారు.

చౌదరి గారికి నిజమైన నివాళి ఆయన చేసిన పని నుంచే తీసుకోవాలి. ఆయన ఎదుటివాళ్ల భాషను గౌరవించారు, వాళ్ల చెవికి నచ్చిన రాగంలో తన నమ్మకాన్ని పాడారు. మనం మన భాషకు, మన రాగానికి ఆ గౌరవం ఇవ్వాలి. అందుకే యువతను మూడు పనులు అడుగుతున్నాం.

మొదటిది, ఈ ఏడాది ఒక్కొక్కరు ఒక్క పాటైనా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర, వాళ్ల అనుమతితో, ఫోన్‌లో రికార్డు చేయండి. రెండోది, ఆ పాటను తెలుగు లిపిలోనో, సవర లిపిలోనో రాసి, పాడినవారి పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారో కింద రాయండి. పేరు లేకుండా పాట దాచితే పాడినవాళ్లను మరచిపోయినట్టే. మూడోది, చర్చికి వెళ్లే పిల్లలు తమ భాషలో, తమ కొండ బాణీలో ఆరాధన పాట కట్టే ప్రయత్నం చేయండి. చర్చికి వెళ్లని పిల్లలు కొత్తల పండుగకు అవ్వల పక్కన నిలబడి పాట అందుకోండి. మీ రెండు వర్గాలూ సంఘం వేదిక మీద కలిసి పాడితే వినాలని మా ఆశ.

పరాయి భాషను ప్రేమించి దానికి పాటలిచ్చిన పురుషోత్తమ చౌదరి గారికి మన జోహార్లు. మన సొంత భాషకు పాటలివ్వవలసిన బాధ్యత మీది. పాట పంపేటప్పుడు తప్పులుంటాయని భయపడకండి, దిద్దడానికి మేమున్నాం.