బావి చుట్టూ నలభై మూరలు: నెల్లూరు తీరంలో రొయ్యల కంపెనీలు, నీటి హక్కు

'హరీం' అనే అరబ్బీ మాట వినగానే తెలుగు పాఠకులకు నవాబుల అంతఃపురం స్ఫురిస్తుంది. ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఆ మాటకు మరొక అర్థముంది. బావికి, ఊటకు, కాలువకు చుట్టూ విడిచిపెట్టవలసిన నేలను ధర్మశాస్త్రవేత్తలు హరీం అన్నారు. బంజరులో ఒకరు బావి తవ్వుకుంటే దాని చుట్టూ నలభై మూరల మేర మరొకరు వచ్చి తవ్వరాదు, ఆ నీటికి హాని కలిగించే పని ఏదీ చేయరాదు. ఊట అయితే ఆ మేర ఐదువందల మూరలు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి. 182, క్రీ.శ. 798) రచించిన 'కితాబుల్ ఖరాజ్'లో ఈ హద్దుల చర్చ ఉంది. వెయ్యేండ్లు గడచిన తరువాత, 1869-1876 మధ్య తుర్కీ ఉస్మానీ ప్రభుత్వం క్రోడీకరించిన 'మజల్లా' న్యాయస్మృతిలో కూడ బావికి నలభై, ఊటకు ఐదువందల మూరలనే నిర్ణయించారు. అంతఃపురమైనా, బావి గట్టయినా, మాట మూలార్థం ఒక్కటే: చొరరానిది, కాపాడవలసినది.

నెల్లూరు సముద్రతీరానికీ ఈ పాత న్యాయచర్చకూ ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చు. 1990 తరువాతి దశాబ్దంలో ఆ తీరాన తలెత్తి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వివాదం, సారాంశంలో, బావి హద్దుల వివాదమే. ప్రకృతిని కాపాడడం కంపెనీల ఔదార్యమా, లేక వాటి మీదనున్న బాకీయా అన్న ప్రశ్న మన ప్రాంతంలో అంత స్పష్టంగా మరెప్పుడూ ముందుకు రాలేదు. కావున ఆ చరిత్రను కొంత వివరంగా పరిశీలించడం అవసరం.

పెన్నానది సముద్రంలో కలిసే చోటికి ఇరువైపుల, దక్షిణాన పులికాట్ సరస్సు వరకు, ఈ తీరమంతా ఇసుకదిబ్బలు, ఉప్పుటేరులు, చవిటి నేలలు, అక్కడక్కడ మడ అడవులు. తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ సాగుతుంది. పట్టపువారు సముద్రం మీద, యానాదులు ఏరుల్లోను, కాలువల్లోను వేట సాగించి బ్రతికారు. ఉప్పుమళ్ళలో కూలి దొరికేది. ఇసుకదిబ్బల క్రింద నిలిచిన తేలికపాటి మంచినీరే తీరగ్రామాల బావులకు ఆధారం. ఆ మంచినీటి పొర పలుచనిది. దానికి అడుగునా, అంచునా ఉప్పునీరు పొంచి ఉంటుంది. పైనుండి అతిగా తోడినా, ప్రక్కన ఉప్పునీరు నిలువబెట్టినా బావి చెడిపోతుంది. ఈ సంగతి తీరవాసులకు తరతరాల అనుభవం.

1991లో దేశ ఆర్థిక విధానం మారింది. ఎగుమతులకు ప్రోత్సాహం పెరిగింది. జపాన్ తదితర దేశాలలో టైగర్ రొయ్యకు మంచి ధర పలికింది. కొద్ది సంవత్సరాలలోనే నెల్లూరు జిల్లాకు 'రొయ్యల రాజధాని' అనే పేరు వచ్చింది. చిన్న రైతులతోపాటు షేర్లు అమ్మి మూలధనం సమకూర్చుకున్న పెద్ద కంపెనీలు కూడ దిగాయి. కండలేరు ఉప్పుటేరు వెంబడి, బకింగ్‌హామ్ కాలువ వెంబడి చెరువులు వెలిశాయి. చవిటి నేలలే గాక వరి పండే పొలాలు కూడ రొయ్యల గుంటలుగా మారాయి. ఇందులో లాభపడినవారు లేకపోలేదు. మంచి పంట నాలుగు నెలల్లో చేతికి వచ్చేది. వరి ఇవ్వలేని రాబడిని రొయ్య ఇచ్చింది. ఈ మాట చెప్పకుండా కంపెనీలను మాత్రమే నిందించడం చరిత్రకు న్యాయం కాదు.

అయితే చెరువు పని చేసే తీరులోనే చిక్కు ఉంది. గుంటలో నీరు నెలల తరబడి నిలుస్తుంది. ఉప్పు క్రమేణా నేలలోకి ఇంకుతుంది. ఉప్పదనం మితిమీరకుండా చేయడానికి బోర్లు వేసి మంచినీటిని తోడి కలిపేవారు. దానితో భూగర్భజలం తరిగి సముద్రపు నీరు లోపలికి చొచ్చుకు వచ్చేది. తినకుండా మిగిలిన మేత, రొయ్యల విసర్జనలు, మందులు కలిసిన నీటిని పట్టుబడి కాగానే కాలువలోకో ఏరులోకో వదిలేవారు. ఒక చెరువు వదిలిన నీటినే ప్రక్క చెరువు మోటారు పెట్టి తోడుకొనేది. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు ఫలితం తెలిసింది. ఒకరి గుంటలోని వైరస్ అదే ఏటినీటి ద్వారా పదిమంది గుంటల్లో చేరింది. పంటలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులు మిగిలాయి. అనేక కంపెనీలు చెరువులు వదిలి వెళ్ళాయి. హద్దు పాటించని చోట పొరుగువాని నష్టం తన ఇంటికే తిరిగివస్తుందనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

తమిళనాడులో గ్రామస్వరాజ్య ఉద్యమాన్ని నడిపిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ ఈ వ్యవహారంపై 1994లో సుప్రీంకోర్టులో రిట్ వేశారు. కోర్టు నాగపూర్‌లోని 'నీరీ' సంస్థను తీరానికి పంపించింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాలలో రొయ్యల పెంపకం వలన వచ్చిన ఆదాయం కంటె ప్రకృతికి, సమాజానికి కలిగిన నష్టమే ఎక్కువని ఆ సంస్థ లెక్క తేల్చింది. కోర్టు పరిశీలించిన నివేదికలలో రెండు విషయాలు మన దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షిస్తాయి. మొదటిది: కంపెనీలు గ్రామాల ప్రక్కన కొన్న విశాలమైన భూముల్లో కొన్నిచోట్ల ఊరి త్రాగునీటి బావులు కూడ కలిసిపోయాయి, భూమి కంపెనీది కావడంతో గ్రామస్థులు ఆ బావులకు వెళ్ళలేకపోయారు. రెండవది: నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో ఆరువందలమంది మత్స్యకారులకు రొయ్యల చెరువుల మూలంగా త్రాగునీరు లేకపోయింది, స్త్రీలు నిరసన తెలిపిన తరువాతనే ట్యాంకర్లతో నీరు పంపించారు.

ఈ రెండు వాక్యాలను ధర్మశాస్త్రవేత్తల ఎదుట పెడితే వారేమనేవారో ఊహించడం కష్టం కాదు. హనఫీ ఫిఖ్‌హ్‌లో 'హఖ్కుష్షఫా' అనే అధ్యాయముంది. షఫా అనగా పెదవి. పెదవి తడుపుకొనే హక్కు, దాహం తీర్చుకొనే హక్కు అని దాని భావం. బావి ఒకని సొంత భూమిలో ఉన్నా దప్పిగొన్న మనిషిని, పశువును అతడు ఆపరాదు. దగ్గరలో వేరే నీరు లేనప్పుడు తన నేలలోకి రానివ్వాలి, లేదా నీరు తోడి బయటికి తెచ్చి ఇవ్వాలి. భూమిని కొనవచ్చు, దానితోపాటు ఊరి దాహాన్ని కొనజాలరు. మహాప్రవక్త (స) నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి సొత్తుగా ప్రకటించారన్న ఉల్లేఖనంపైననే ఈ అధ్యాయం ఆధారపడింది. యమన్ దేశపు మారిబ్‌లో ఒక ఉప్పునేలను ఆయన (స) ఒకరికి ఇచ్చి, అది ఎడతెగని నీటి ఊట వంటిదని తెలిసిన వెంటనే ఆ దానాన్ని వెనుకకు తీసుకున్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. పదిమంది జీవనాధారమైన ప్రకృతి సంపదను ఒక్కనికి కట్టబెట్టే అధికారం పాలకునికి కూడ లేదని ఫుఖహాలు దీనినుండి గ్రహించారు.

1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. 1991 ఫిబ్రవరి 19నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన సముద్రపు పోటుగీత నుండి 500 మీటర్ల మేరను ప్రత్యేక మండలంగా నిర్ణయించింది. ఆ మండలంలో రొయ్యల చెరువులు తవ్వరాదని, ఉన్నవాటిని 1997 మార్చి 31 లోపల తొలగించాలని కోర్టు ఆదేశించింది. పంటభూములను, ఉప్పుమళ్ళను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను చెరువులుగా మార్చరాదన్నది. పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల రక్షితకేంద్రానికి వెయ్యి మీటర్ల లోపల కంపెనీల చెరువులు ఉండరాదన్నది. గూడబాతులు నేలపట్టులో గూళ్ళు కట్టి పులికాట్‌లో మేస్తాయి. గూటికీ మేతకూ కలిపి హద్దు గీచిన తీర్పు ఇది. (అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ సూళ్ళూరుపేట ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది.) కాలుష్యం చేసినవారే నష్టం భరించాలని, పని కోల్పోయే కూలీలకు చట్టప్రకారం రావలసిన పరిహారానికి తోడు ఆరేండ్ల వేతనం ఇవ్వాలని కూడ ఆదేశించింది.

ఈ తీర్పులోని ఒక మినహాయింపును చాలామంది గమనించలేదు. సంప్రదాయ పద్ధతిలోను, దానినే కొంత మెరుగుపరచిన పద్ధతిలోను రొయ్యలు పెంచుకునే చిన్నవారికి నిషేధం వర్తించలేదు. హద్దు అందరికీ ఉన్నా దాని బరువు బలవంతునిపై ఎక్కువగా పడాలన్నది దీని భావం. హజ్రత్ ఉమర్ (రజి) ప్రభుత్వ పచ్చికబయలుకు, అనగా 'హిమా'కు, హునయ్ అనే సేవకుణ్ణి కాపలాదారుగా నియమించినప్పుడు చేసిన ఉపదేశం బుఖారీలో ఉంది. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గలవారిని లోపలికి రానివ్వమని, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) వంటి సంపన్నుల మందలను మాత్రం రానివ్వవద్దని ఆయన చెప్పారు. మంద నశించినా సంపన్నులకు తోటలు, పొలాలు ఉంటాయి. పేదవానికి ఆ మందే సర్వస్వం.

తీర్పు తరువాతి చరిత్ర అంత సూటిగా నడవలేదు. 1997 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ఆక్వాకల్చర్ అథారిటీని ఏర్పాటు చేసింది. పునర్విచారణ అర్జీలు దాఖలు కావడంతో చెరువుల తొలగింపు ఆగిపోయింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, 1991నాటి ప్రకటనలోని నిషేధాలు రొయ్యల పెంపకానికి వర్తించవని వెనుకటి తేదీనుండి సవరించింది. ఐదువందల మీటర్ల స్థానంలో రెండువందల మీటర్ల హద్దు మిగిలింది. 2009 నుండి వన్నామి రొయ్య వచ్చి పాత టైగర్ స్థానాన్ని ఆక్రమించింది.

మరొకవైపు మంచి ప్రయత్నాలూ జరిగాయి. ఐదు హెక్టార్లకు మించిన ఫారాలకు మురుగునీటి శుద్ధి తప్పనిసరి అయింది. పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు వద్ద 2002 ప్రాంతంలో చిన్న రైతులు సంఘంగా ఏర్పడి, సీడు ఒకే సమయంలో వదలడం, వ్యాధి సోకిన చెరువు నీటిని పొరుగువారికి చెప్పకుండా వదలకపోవడం వంటి కట్టుబాట్లు చేసుకున్నారు. ఆ అనుభవంతోనే 2007లో 'నాక్సా' అనే జాతీయ కేంద్రం ఏర్పడింది. విదేశీ కొనుగోలుదార్లు కోరే ధ్రువపత్రాల కోసం కంపెనీలు తమ చెరువుల నీటిని, మేతను లెక్కవ్రాయడం మొదలుపెట్టాయి. 2013నాటి కంపెనీల చట్టం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలన్నది. పర్యావరణ రక్షణ, త్రాగునీరు ఆ జాబితాలో ఉన్నాయి.

ఇక్కడనే ఒక వివేచన అవసరం. ఊరి బావి చెడిపోయిన చోట నీటిశుద్ధి యంత్రం పెట్టి, దానిపై పేరు వ్రాయించుకొని, వార్షిక నివేదికలో ఫొటో వేసుకోవడం సదఖా అనిపించుకోదు. తీసుకున్నది తిరిగి ఇవ్వడం బాకీ చెల్లింపు. బాకీ తీరిన తరువాత చేసేదే దానం. కుర్రు గ్రామానికి వచ్చిన ట్యాంకరు నీటిని ఏ ఖాతాలో వ్రాయాలన్నదే ఈ చరిత్ర అంతటి సారం.

హజ్రత్ ఉస్మాన్ (రజి) జీవితం ఇందుకు గొప్ప నిదర్శనం. మదీనాలో రూమా బావి యజమాని నీటిని అమ్ముకొనేవాడు. ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో ఆ బావిని కొని అందరికీ తెరిచి ఉంచారు. సంపద ఒక బావిని మూయగలదు, తెరువనూ గలదు. కాని మనం మరువరాని సంగతి మరొకటుంది. రూమా బావిని దానం చేసిన ఆ ఉస్మాన్ (రజి) మందనే ఉమర్ (రజి) హిమాలోకి రానివ్వవద్దన్నారు. ఎంత గొప్ప దానమైనా హద్దు దాటడానికి అనుమతిపత్రం కాలేదు.

నేడు కృష్ణపట్నం వద్ద 2008 నుండి పెద్ద ఓడరేవు నడుస్తున్నది. దాని సమీపాన బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాలు వెలిశాయి. రొయ్య పోయి వేరొకటి వచ్చినా ప్రశ్న మారదు. ఒక కంపెనీ ఎన్ని మొక్కలు నాటింది, ఎంత సొమ్ము వెచ్చించింది అన్నవి తరువాత అడుగవలసినవి. ఊరి బావికి, ఏటికి, సరస్సుకు ఎన్ని మూరల నేల వదిలింది అన్నది ముందుగా అడుగవలసినది. ఆ కొలతకు పెద్ద శాస్త్రజ్ఞానం అక్కరలేదు, ఒక తాడు చాలు. పట్టుకొని కొలిచే మనుషులు ఊరిలో ఉండాలి, కొలిచిన దానికి కట్టుబడే పాలకులు పైన ఉండాలి.