వచ్చిన దారినే వెనక్కి: పెరటి కుళాయి నేర్పిన పాఠాలు

మున్సిపాలిటీ నీళ్లు ఆగిపోయే వేళ పెరటి కుళాయి తిప్పి, దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. ఒక్కోసారి చెయ్యి లోపలికి లాగినట్టుంటుంది. సుయ్యిమని గాలి పీల్చుకునే చప్పుడు వినిపిస్తుంది. అప్పటిదాకా నీళ్లిచ్చిన కుళాయే ఇప్పుడు తాగడం మొదలుపెట్టిందన్నమాట. ఆ క్షణాన దానికి తగిలించిన పైపు కొస కుడితి తొట్టిలోనో, పురుగుమందు కలిపిన బకెట్లోనో మునిగి ఉంటే, ఆ మురికి మంచినీటి గొట్టంలోకి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే మన గ్లాసులోకో, పక్కింటివాళ్ల బిందెలోకో వస్తుంది. ఈ చిన్న సంగతి వెనక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ప్రతి నియమమూ ఎవరో ఒకరు జబ్బుపడ్డాకే పుట్టింది.

దీని మూలసూత్రం అంతకు చాలా ముందే తెలుసు. గాలికి బరువుందని ఇటలీలో టోరిచెల్లి 1643లోనే పాదరసపు గొట్టంతో నిరూపించాడు. ఆ బరువు నీటిని గాలి లేని గొట్టంలో సుమారు 10 మీటర్ల ఎత్తుకు నెట్టగలదు. గొట్టంలో ఒత్తిడి పడిపోతే బయటి గాలే మురికిని లోపలికి తోస్తుంది. అయితే ఈ సూత్రానికీ మనిషి రోగానికీ ఉన్న ముడి బయటపడటానికి రెండు శతాబ్దాలు దాటింది.

1873లో కేంబ్రిడ్జ్‌లోని కీస్ కళాశాల విద్యార్థులకు టైఫాయిడ్ సోకింది. రోగుల్లో ఎక్కువమంది ట్రీ కోర్ట్ అనే కొత్త భవనంలో ఉండేవాళ్లే. ప్రభుత్వ వైద్యాధికారి జార్జ్ బుకానన్ గొట్టాలు వెతుక్కుంటూ వెళ్లి, సరఫరా ఆగినప్పుడు మరుగుదొడ్డి గొట్టం గుండా కల్మషం మంచినీటిలోకి లాగబడిందని తేల్చాడు. ఊరంతా బాగుండి ఒక్క భవనంలోనే రోగం ఉంటే తప్పు ఆ భవనపు గొట్టాల్లో వెతకాలని ఆ పరిశోధన నేర్పింది.

పాఠం ఒకచోట నేర్చినా మరోచోట మరిచారు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన చూడవచ్చినవాళ్లు బస చేసిన రెండు హోటళ్లలో పాత గొట్టాల లోపాల వల్ల మురుగు మంచినీటిలో కలిసింది. దాదాపు 1,400 మందికి అమీబిక్ విరేచనాలు పట్టుకున్నాయి, 98 మంది చనిపోయారు. అతిథులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక జబ్బు బయటపడటంతో మూలం పసిగట్టడమే కష్టమైంది.

పెరటి కుళాయికి అన్నిటికంటే దగ్గరి కథ 1969 నాటిది. అమెరికాలోని వూస్టర్‌లో హోలీ క్రాస్ కళాశాల ఫుట్‌బాల్ జట్టు ఆగస్టు ఎండలో సాధన చేసి, మైదానం పక్కనున్న కుళాయి నీళ్లు తాగింది. అదే గొట్టానికి పచ్చిక తడిపే కుళాయిలు కూడా ఉన్నాయి. అవి నేలలో గుంటల్లో దిగి ఉన్నాయి. ఆ గుంటల్లో నిలిచిన నీళ్లలో, కామెర్లు సోకిన ఇంటి పిల్లలు ఆడుకున్నారు. ఇంతలో దగ్గర్లో ఓ ఇల్లు అంటుకుంది. మంటలార్పడానికి అగ్నిమాపక సిబ్బంది నీళ్లు తోడటంతో ఒత్తిడి పడిపోయి, గుంటల్లోని నీరు గొట్టంలోకి పీల్చబడింది. 97 మందిలో 90 మందికి హెపటైటిస్ సోకింది. రెండు ఆటలు ఆడగానే ఆ జట్టు మిగతా పోటీలు ఆ ఏటికి రద్దయ్యాయి. పచ్చిక తడపడానికి పెట్టిన కుళాయే ఇంత చేసింది.

ఇలాంటి అనుభవాల నుంచే జాగ్రత్తలు పుట్టాయి. వాటిలో అత్యంత నమ్మకమైనది ఖర్చులేనిది: కుళాయి మూతికీ నీటి మట్టానికీ మధ్య ఖాళీ. గొట్టం వ్యాసానికి కనీసం రెట్టింపు ఎడం ఉండాలన్నది అమెరికన్ల లెక్క. ఎడం కుదరనిచోట గాలిని లోపలికి వదిలి పీల్పును తెంచే వాక్యూమ్ బ్రేకర్, నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ వచ్చాయి. బ్రిటన్ 1999 నిబంధనలు నీటిని ప్రమాదాన్ని బట్టి అయిదు తరగతులుగా విడదీశాయి. ఇంటి తోట కుళాయికి డబుల్ చెక్ వాల్వ్ ఉండి తీరాలన్నాయి. ఒక వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే రెండోది కాపాడుతుంది.

మన దగ్గర ఈ భయం ఇంకా ఎక్కువ. ఆ దేశాల్లో మంటలు లేచినప్పుడో, గొట్టం పగిలినప్పుడో ఒత్తిడి పడిపోతుంది. ఇక్కడ రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లలో ఖాళీ గొట్టం మామూలు సంగతి. దానికి తోడు నేరుగా కుళాయి గొట్టానికే మోటారు బిగించి లాగేవాళ్లున్నారు. ఆ లాగుడికి చిల్లుపడ్డ చోటల్లా పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. మంచినీటి గొట్టంలోకి మురుగు చేరితే ఏమవుతుందో తెలుగు నేలకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ చరిత్రంతా చదివాక చేయాల్సింది కొండంత పని కాదు. మొక్కలకు నీళ్లు పెట్టాక పైపు తీసి చుట్టి కొక్కేనికి తగిలించండి. బకెట్లోనో తొట్టిలోనో మునగనివ్వకండి. పెరటి కుళాయి కొత్తగా పెట్టించుకునేటప్పుడు ప్లంబర్ని అడిగి నాన్ రిటర్న్ వాల్వ్ వేయించండి. మోటారు సంపుకి పెట్టండి, వీధి గొట్టానికి వద్దు. మన పెరటి కుళాయి మన ఒక్కరిది కాదు, దాని రెండో కొస వీధిలోని ప్రతి వంటింట్లోనూ ఉంది.