స్త్రీ శరీరంపై అపోహలు: శాస్త్రం చెప్పే వాస్తవాలు

తొలి కలయికలో రక్తస్రావం కాలేదన్న కారణంతో నవవధువు శీలాన్ని శంకించే దురాచారం నేటికీ అంతరించలేదు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు.

కన్నెపొర: ఇది యోనిద్వారాన్ని మూసి ఉంచే తెర కాదు. ద్వారం అంచున ఉండే, సాగే గుణం గల పలుచని కణజాలం. దీని ఆకృతి అందరిలో ఒకేలా ఉండదు. తొలి కలయికలో అనేకమందికి రక్తం రాదు. కన్యత్వాన్ని ఏ పరీక్షా నిర్ధారించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. అత్యాచార బాధితులకు జరిపే ‘రెండు వేళ్ల పరీక్ష’ గోప్యతకు, గౌరవానికి భంగకరమని సుప్రీంకోర్టు 2013లో పేర్కొంది. దాన్ని నిర్వహించడం దుష్ప్రవర్తనేనని 2022 అక్టోబరు 31న తీర్పునిచ్చింది.

యోని వదులు కావడం: లైంగిక అనుభవంతో యోని శాశ్వతంగా వదులవుతుందన్నది అపోహ. దాని కండరాలు సాగి, తిరిగి యథాస్థితికి వస్తాయి.

క్లిటోరిస్: పైకి కనిపించేది స్వల్ప భాగమే, అధిక భాగం శరీరం లోపల విస్తరించి ఉంటుంది. ఆస్ట్రేలియా యూరాలజిస్టు హెలెన్ ఓకానెల్ బృందం 1998లో దీన్ని సవివరంగా వర్ణించింది. సంభోగం ఒక్కదానితోనే భావప్రాప్తి కలగకపోవడం లోపం కాదు. ఎక్కువమంది స్త్రీలలో ఇది సహజం.

నొప్పి: భరించవలసినది కాదు. తేమ లేకపోవడం, ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్, కండరాల బిగుతు వంటివి కారణాలు కావచ్చు. గైనకాలజిస్టును సంప్రదించాలి.

దంపతుల సంభాషణ: భార్య నోరు విప్పరాదని, భర్తే గ్రహించాలని భావించడం ఇద్దరికీ నష్టమే. మౌనం అంగీకారం కాదు. ఇష్టాయిష్టాలను తీరిక వేళ మాట్లాడుకోవాలి. వద్దన్నప్పుడు ఆగడమే పరస్పర గౌరవానికి తొలి మెట్టు.